మూడు బీపీ మాత్రలు వేస్తున్నా దిగడం లేదు, కిడ్నీ డాక్టరుగారు గురక పరీక్ష ఎందుకు రాశారు?

రాజోలు_గట్టు
మా నాన్నగారికి 58 ఏళ్ళు. బీపీ వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు టెల్మిసార్టాన్ 80, ఆమ్లోడిపిన్ 10, క్లోర్‌థాలిడోన్ 12.5 వేస్తున్నారు. మాత్ర మానే మనిషి కాదు, అమ్మ దగ్గరుండి వేయిస్తుంది. అయినా పొద్దున్నే చూస్తే 160/100కి తగ్గదు. పోయిన నెల కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చింది, మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. కిడ్నీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కాళ్ళ వాపు చూశారు, స్కానింగ్ చూశారు. తర్వాత నాన్నని పక్కనపెట్టి అమ్మని అడిగారు, "ఈయన గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా?" అని. "పక్కింటివాళ్ళని అడిగినా చెబుతారండి" అంది అమ్మ. ఆయన వెంటనే స్లీప్ స్టడీ రాసేశారు.

కిడ్నీ కోసం వెళ్తే నిద్ర పరీక్ష ఏంటని ఇంట్లో ఒకటే గొడవ. బాబాయ్ అయితే ఇదంతా డబ్బులు గుంజడానికే అంటున్నాడు. నాన్నేమో "పొలంలో ఒళ్ళు అలిసినోడికి గురక రాకుండా ఉంటుందా" అని కదలడం లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, ఈ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా?

తణుకు_మిల్లు
ఈమధ్య టెస్టుల మీద టెస్టులు రాయడం మామూలైపోయిందండి. ముందు ఆవకాయ, ఎండుచేప, అప్పడం మానిపించండి. ఉప్పు తగ్గితే బీపీ అదే దిగుతుంది. గురకకి పరీక్ష ఏంటి, మా తాతల కాలం నుంచీ అందరూ గురక పెట్టినవాళ్ళే.

ఆత్రేయపురం_అత్త
తణుకు తమ్ముడూ, ఉప్పు మాట నిజమే గానీ గురకని అలా తీసిపారేయకు. మా ఆయనది కళ్ళారా చూసినదాన్ని చెబుతున్నా. మంచం ఎక్కిన కాసేపటికే గురక మొదలయ్యేది. అది ఉన్నంతసేపూ నాకు భయం లేదు. ఒక్కసారిగా ఆగిపోయేది చూడు, అప్పుడే భయం. పొట్ట, ఛాతీ ఎగిసిపడుతూనే ఉంటాయి, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి తగలదు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఇరవై, పాతిక దాటాక ఒళ్ళంతా ఒక కుదుపు కుదిపి, మునిగి తేలినవాడిలా గాలి పీల్చి మళ్ళీ గురక అందుకునేవారు. పొద్దున్నే అడిగితే "నాకేం, హాయిగా పడుకున్నాను" అనేవారు. పడుకున్నవాళ్ళకి తెలియదు నాయనా, పక్కనున్నవాళ్ళకే తెలుస్తుంది. మీ డాక్టరుగారు అమ్మని అడిగారంటేనే మంచి డాక్టరు అని అర్థం.

లంకలగన్నవరం
అత్తగారూ, మా ఇంట్లో లెక్కపెట్టేది మా నాయనమ్మ. తాతయ్య గురక ఆగితే ఆవిడకి మెలకువ వస్తుంది, గురక ఉంటేనే నిద్రపోతుంది.

కాకినాడ_పీజీ
నేను జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. రాజోలు_గట్టు గారూ, పరీక్ష రాయడం సబబే. ఇలాంటి కేసులో అది రాయకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

మూడు రకాల బీపీ మందులు, అందులో ఒకటి నీరు లాగే మాత్ర, సరిపడా మోతాదులో వేస్తున్నా బీపీ దిగకపోతే దాన్ని రెసిస్టెంట్ హైపర్‌టెన్షన్ అంటాం. మీ నాన్నగారిది సరిగ్గా అదే. అలాంటప్పుడు వెనకాల ఏదైనా కారణం దాగి ఉందా అని వెతకాలి. కిడ్నీ రక్తనాళం సన్నబడిందా, ఆల్డోస్టెరాన్ హార్మోన్ ఎక్కువైందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా, గురకలో ఊపిరి ఆగుతోందా, ఇవన్నీ. వీటిలో బాగా తరచుగా కనిపించేది ఆఖరిదే. మందులకి లొంగని బీపీ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి స్లీప్ ఆప్నియా బయటపడుతుంది.

జరిగేది ఏంటంటే, నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకు మించి గాలి ఆడకపోతే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని అరక్షణం లేపుతుంది. ఆ లేపడంలో అడ్రినలిన్ లాంటివి విడుదలై, రక్తనాళాలు బిగుసుకుని, బీపీ ఒక్కసారి ఎగుస్తుంది. ఇది గంటకి ముప్పై సార్లు జరిగితే రాత్రంతా ఎన్నిసార్లు అవుతుందో మీరే ఊహించండి.

మామూలుగా మనిషి పడుకుంటే బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. గుండెకీ కిడ్నీకీ దొరికే విశ్రాంతి అదే. వీళ్ళకి అది దొరకదు. కొందరికి రాత్రే ఎక్కువ ఉంటుంది. పొద్దున్నే చూస్తే 160 ఉంటోందని మీరు రాశారు కదా, నా చూపు ముందు అక్కడే పడింది.

రాజోలు_గట్టు
బీపీ వరకు అర్థమైందండి. కిడ్నీకి దెబ్బ ఆ బీపీ వల్లేనా, ఊపిరి ఆగడం వల్ల విడిగా కూడా తగులుతుందా?

కాకినాడ_పీజీ
రెండు దారుల్లోనూ. డ్యూటీ ఉంది, సాయంత్రం వివరంగా రాస్తాను.

భీమవరం_ఏరేటర్
డాక్టరుగారు వచ్చేలోపు నా సంగతి చెబుతానండి. నాకు రొయ్యల చెరువులున్నాయి. నాకూ ఇదే తంతు. బీపీ దిగదు, పగలంతా మగత. మేత లెక్క రాసుకుంటూ కుర్చీలోనే కునుకు తీసేవాణ్ణి. పరీక్ష చేస్తే గంటకి 38 సార్లు ఊపిరి ఆగుతోందని వచ్చింది. ఆక్సిజన్ 76కి పడిపోతోందట.

రిపోర్టులో ఆ గ్రాఫు చూపించినప్పుడు నాకు వెంటనే తలకెక్కింది. చెరువులు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పగలు నీళ్ళలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజాముకి అడుగంటుతుంది. అప్పుడు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. పగలు పదకొండు గంటలకి మీటరు పెట్టి "అంతా బాగానే ఉంది" అనుకునేవాడు చెరువు పోగొట్టుకుంటాడు. నా ఒంట్లోనూ అంతేనండి. పగలు క్లినిక్‌లో వేలికి క్లిప్పు పెడితే 98. రాత్రి సంగతి ఎవరూ చూడలేదు.

కాకినాడ_పీజీ
ఏరేటర్ గారి పోలిక బాగా కుదిరింది. తెల్లవారుజామున ఆప్నియా ఎక్కువ కావడానికి కారణం కూడా ఉంది. కలలు వచ్చే నిద్ర రాత్రి చివరి జాముల్లో ఎక్కువ ఉంటుంది, అప్పుడు కండరాలు మరీ వదులైపోతాయి.

ఇక కిడ్నీ విషయం. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. కానీ కిడ్నీ లోపలి భాగం ఎప్పుడూ తక్కువ ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తుంటుంది, అక్కడ పని ఎక్కువ, రక్తం తక్కువ. రాత్రిళ్ళు ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే ముందు నలిగేది ఆ భాగమే. ఇది ఒకటి. రెండోది, ఈ ఒత్తిడికి బీపీని పెంచే రెనిన్-ఆంజియోటెన్సిన్ హార్మోన్ల వ్యవస్థ రెచ్చిపోతుంది. టెల్మిసార్టాన్ అడ్డుకునేది దాన్నే. అది రెచ్చిపోతే వడపోత గుత్తుల లోపల ఒత్తిడి పెరిగి, జల్లెడ కంతలు పెద్దవై ప్రొటీన్ కారిపోతుంది. కెనడాలో కాల్గరీ పరిశోధకులు ఆప్నియా రోగుల కిడ్నీల్లో ఈ వ్యవస్థ జోరుగా ఉందనీ, సీప్యాప్ మిషన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) వాడాక తగ్గిందనీ 2014లో చూపించారు. మూడోది మీరన్న బీపీ. రాత్రి దిగని బీపీ కిడ్నీకి పగటి బీపీ కంటే ఎక్కువ చేటు.

ఇంకొకటి అడుగుతాను. నాన్నగారు రాత్రిపూట మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?

రాజోలు_గట్టు
మూడు, నాలుగు సార్లు. షుగరేమో అని చూపించాం, లేదు. ప్రోస్టేట్ కూడా బాగానే ఉందన్నారు.

కాకినాడ_పీజీ
మూసుకున్న గొంతుతో గాలి లాగే ప్రయత్నంలో ఛాతీలో శూన్యం ఏర్పడి గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది. అది మూత్రం తెప్పిస్తుంది. గురక, రాత్రి మాటిమాటికీ లేవడం, పొద్దున్నే తలబరువు, పగలు కునుకు, మందులకి దిగని బీపీ. ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటే ఒక్కొక్కదానికీ ఒక్కో డాక్టరు దగ్గరికి తిప్పకుండా ఒకసారి నిద్ర చూడాలి. మీ కిడ్నీ డాక్టరుగారు చేసింది అదే.

పాలకొల్లు_ల్యాబ్
ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, నా వైపు నుంచి ఒక మాట. చాలామంది క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని "నార్మల్ వచ్చింది" అని వెళ్ళిపోతారు. అది పెరిగేసరికే కిడ్నీ చాలా మటుకు పోయి ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో చేయించుకోండి. దాన్ని ఏసీఆర్ అంటారు. 30 లోపు ఉంటే సరే. 30 నుంచి 300 మధ్య అంటే దెబ్బ మొదలైనట్టు. 300 దాటితే గట్టిగానే పోతోందని. పొద్దున్నే మొదటి మూత్రం ఇస్తే మంచిది. జ్వరంలో ఉన్నప్పుడూ, బాగా ఒళ్ళు వంచి పనిచేసిన మర్నాడూ ఇవ్వకండి, తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే లెక్క, ఎంతో కూడా రిపోర్టులో వేయమని అడగండి. అది 60 కంటే తక్కువగా మూడు నెలల పైన ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క.

రావులపాలెం_గెల
మా దగ్గర బీపీ చూసే ఆయన ఏసీఆర్ అనే మాటే ఎప్పుడూ అనలేదు.

పాలకొల్లు_ల్యాబ్
మీరే అడగండి. అడిగితే ఎవరూ కాదనరు.

తణుకు_మిల్లు
సరే, సంబంధం ఉందని ఒప్పుకుంటున్నా. నా అనుమానం వేరే. ఆ మిషన్ పెడితే కిడ్నీ బాగుపడుతుందని ఎవరైనా నిరూపించారా? మా బావకి ఒక చోట "ఇది కొంటే డయాలసిస్ దాకా పోదు" అని చెప్పి మిషన్ అంటగట్టారు. ఇప్పుడది అటక మీద ఉంది.

కాకినాడ_పీజీ
తణుకు గారూ, అడగాల్సిన ప్రశ్నే ఇది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

బీపీ మీద ఫలితం ఉంది, కానీ అందరికీ సగటున చూస్తే చిన్నది, రెండు మూడు పాయింట్లు. మందులకి లొంగని బీపీ ఉన్నవాళ్ళ మీద స్పెయిన్‌లో చేసిన హిపార్కో పరీక్షలో 12 వారాల్లో 24 గంటల సగటు బీపీ సుమారు 3 పాయింట్లు తగ్గింది. రాత్రి బీపీ మళ్ళీ దిగడం మొదలైనవాళ్ళు కూడా మిషన్ వాడినవాళ్ళలోనే ఎక్కువ. ఆ ఫలితం 2013లో వచ్చింది.

కిడ్నీ విషయంలో మాత్రం అంత గట్టి రుజువు లేదు. సేవ్ అనే పెద్ద పరీక్ష 2016లో వచ్చింది, అందులో మన దేశం వాళ్ళూ ఉన్నారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి మిషన్ వల్ల తగ్గలేదు. ఆ పరీక్షలో ఉన్న కొందరి కిడ్నీలని విడిగా చూస్తే అక్కడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అందులో జనం మిషన్ వాడింది రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకు మాత్రమే. పగలు మరీ మగతగా ఉండేవాళ్ళని అసలు చేర్చుకోనేలేదు. కాబట్టి "మిషన్ కొంటే డయాలసిస్ తప్పుతుంది" అని ఎవరైనా హామీ ఇస్తే అది తప్పు. మీ బావగారికి అలా చెప్పి ఉండకూడదు.

తణుకు_మిల్లు
ఇది చాలండి. ఇలా చెప్పే డాక్టరుంటే మావాడు అలా అటక ఎక్కించేవాడు కాదు.

ఆత్రేయపురం_అత్త
అయినా నా మాట విను తమ్ముడూ. మీ బావగారిని ఆ మిషన్ అటక మీంచి దించమను. కిడ్నీ కోసం కాకపోయినా మనిషి కోసం. మా ఆయన బండి మీద కాలవ గట్టున వెళ్తూ కునుకు పట్టి రెండుసార్లు తూలారు. మిషన్ వాడాక ఆ మగత పోయింది. పగలు పడుకోకుండా మనవరాలికి లెక్కలు చెబుతున్నారు. బీపీ మాత్ర ఒకటి తగ్గించారు, అది కూడా డాక్టరుగారు చూసి తగ్గించారు, మాకు మేము కాదు.

మొదట్లో ఈయన కూడా పీకి పారేసినవారే. మాస్కు సైజు తప్పు. ముక్కు మీద పుండు పడింది. ముక్కు మాత్రమే మూసేది తెప్పించి, పగలు టీవీ చూసేటప్పుడు పెట్టుకుని కూర్చోమన్నాను. అలా అలవాటైంది. ముక్కు దిబ్బడ ఉంటే దానికి ముందు మందు వాడాలి, లేకపోతే గాలి దూరదు.

భీమవరం_ఏరేటర్
అత్తగారు చెప్పినట్టు మాస్కే అసలు సంగతి. 

ముక్తేశ్వరం_రేవు
ఇదంతా చదువుతుంటే మా అన్నయ్య గుర్తొస్తున్నాడు. వాడిది తిరగబడిన కథ. వాడికి ముందు కిడ్నీలు పోయాయి, డయాలసిస్ మీద ఉన్నాడు, కార్డు మీద ఉచితంగానే చేస్తున్నారు. సన్నటి మనిషి, గురక అసలు లేదు. డయాలసిస్‌లో పడ్డాక గురక మొదలైంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఎక్కువ రోజులు వచ్చినప్పుడైతే రాత్రి పడుకోలేక కూర్చునే ఉంటాడు. లావుగా ఉంటేనే ఈ జబ్బు వస్తుందంటారు కదా, వీడికెందుకు?

కాకినాడ_పీజీ
ముక్తేశ్వరం గారూ, కిడ్నీ పాడైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. పగలంతా కాళ్ళలో ఉన్న నీరు పడుకోగానే మెడ వైపు జరిగి గొంతు చుట్టూ వాపు తెస్తుంది, దారి ఇరుకవుతుంది. దానికి తోడు రక్తంలో మలినాలు పెరిగితే ఊపిరిని నడిపే మెదడు లెక్క కూడా తప్పుతుంది. కాబట్టి ఆప్నియా కిడ్నీని దెబ్బతీస్తుంది, కిడ్నీ జబ్బు ఆప్నియాని తెస్తుంది. టొరంటోలో 14 మందికి వారానికి మూడుసార్లు చేసే డయాలసిస్ మార్చి ప్రతి రాత్రీ ఇంట్లో నిద్రలోనే నెమ్మదిగా చేశారు. గంటకి సగటున 25 సార్లు ఆగే ఊపిరి 8కి దిగింది. 2001లో వచ్చిన పరిశోధన అది, నీరూ మలినాలూ బాగా తీసేస్తే నిద్ర ఎంత మారుతుందో చెప్పింది.

అన్నయ్యగారిది కూర్చుంటే గానీ ఊపిరి ఆడని పరిస్థితి అంటున్నారు. అది గురక ఒక్కటే కాకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండొచ్చు. డ్రై వెయిట్, అంటే అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, సరిచూడమని డయాలసిస్ యూనిట్‌లో రేపే చెప్పండి. నీళ్ళ కొలత దాటుతున్నారా అన్నది కూడా చూడండి. ఆయాసం ఎక్కువైతే రేపటి దాకా ఆగకండి.

ముక్తేశ్వరం_రేవు
రేపు వాడి డయాలసిస్ రోజే. తప్పకుండా చెబుతాను. ఇన్నాళ్ళూ ఇదొక ప్రత్యేకమైన విషయం అని ఎవరూ అనలేదు.

మార్టేరు_విత్తనం
ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బు కూడా ఇలాంటిదేనా? మా చుట్టాలు అటు ఉన్నారు.

కాకినాడ_పీజీ
కాదండి. శ్రీకాకుళం ఉద్దానంలోది వేరు. అక్కడ బీపీ, షుగర్ లేనివాళ్ళకి కూడా వస్తోంది, మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, కారణం ఇదీ అని తేలలేదు. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది బీపీతో ముడిపడినది.

నర్సాపురం_లేసు
అందరూ మగవాళ్ళ గురకే మాట్లాడుతున్నారు. మా అమ్మకి 62. గట్టిగా గురక పెట్టదు. నిద్ర పట్టదంటుంది, పొద్దున్నే తలనొప్పి అంటుంది, నీరసం అంటుంది. బీపీకి రెండు మాత్రలు వేస్తోంది. నిద్ర పట్టడం లేదని మా ఊళ్ళో ఆర్‌ఎంపీ నిద్రమాత్ర ఇచ్చాడు. అది వేసుకున్న రోజు ఇంకా మత్తుగా లేస్తోంది.

కాకినాడ_పీజీ
ఆడవాళ్ళలో ఇలాగే ఉంటుందండి, అందుకే ఎవరికీ తట్టదు. నెలసరి ఆగాక ఆడవాళ్ళకీ ఆప్నియా బాగా పెరుగుతుంది. "నిద్రలేమి, టెన్షన్" అని మాత్ర ఇచ్చి పంపేస్తారు. అల్‌ప్రాజోలం లాంటివి గొంతు కండరాన్ని ఇంకా వదులు చేస్తాయి, ఊపిరి ఆగితే లేచే శక్తిని కూడా తగ్గిస్తాయి. మద్యం, కల్లు చేసేదీ అదే. అయితే రోజూ వేసుకుంటున్న మాత్రని ఒక్కసారిగా ఆపకూడదు. ఒక ఫిజీషియన్‌కి చూపించి నెమ్మదిగా తగ్గించండి, ఆప్నియా పరీక్ష కూడా అడగండి.

రావులపాలెం_గెల
ఎవరు పరీక్షకి వెళ్ళాలో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?

కాకినాడ_పీజీ
ఎనిమిది ప్రశ్నలున్నాయి. గట్టిగా గురక ఉందా, పగలు అలసటగా మగతగా ఉంటుందా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, ఎత్తుకి బరువు లెక్క అయిన బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. మూడు, అంతకు మించి అవును అయితే అనుమానించాలి. ఐదు, అంతకు మించి అయితే ఆలస్యం చేయకూడదు. మెడ కొలవడానికి టేపు లేకపోతే చొక్కా కాలర్ చూడండి, 16 పట్టకపోతే 40 దాటినట్టే.

లంకలగన్నవరం
ఇది చదివి మా తాతయ్య కాలర్ చూశాను. ఆయన చొక్కా పై గుండీ పెళ్ళిఫొటోలోనే పెట్టుకున్నారు. నాయనమ్మతో మాట్లాడాను, ఇద్దరినీ తీసుకుని వెళ్తున్నాం.

రాజోలు_గట్టు
పరీక్ష అయింది, ఇంటికే పరీక్ష మిషన్ ఇచ్చారు. వేలికి క్లిప్పు, ముక్కుకి చిన్న గొట్టం, ఛాతీకి బెల్టు. నాన్న "కొత్త అల్లుడికి కూడా ఇన్ని పెట్టరు" అంటూనే పడుకున్నారు. రిపోర్టు వచ్చింది. గంటకి 41. కనిష్ఠ ఆక్సిజన్ 74. తీవ్రం అని రాశారు. ఏసీఆర్ కూడా చేయించాం, 420 వచ్చింది. అమ్మ ఏడ్చింది. నాన్నకి మాత్రం ఇప్పుడు నమ్మకం కుదిరింది, "చెరువు పోలిక ఎవరు చెప్పారు, ఆయనకి నా నమస్కారం చెప్పు" అన్నారు.

భీమవరం_ఏరేటర్
ఆయ్, నాన్నగారికి నా నమస్కారాలండి. మొదటి వారం చిరాకు వేస్తుంది. ఓర్చుకోమనండి.

కాకినాడ_పీజీ
30 దాటితే తీవ్రం కిందే లెక్క. మిషన్ మొదలుపెట్టండి, కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా. కానీ కిడ్నీని కాపాడే అసలు పని మిగతా వాటిది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఇంటిల్లిపాదికీ కాదు, ఒక్కొక్కరికి చెంచాడు లోపే. అందులో ఆవకాయ, ఎండుచేప, అప్పడం అన్నీ కలిపి. ఈ విషయంలో తణుకు గారు మొదట చెప్పినదే నేనూ చెబుతాను. నొప్పి మాత్రలు, నడుం నొప్పికి వేయించుకునే డైక్లోఫెనాక్ సూది పూర్తిగా బంద్. మెలకువగా ఉన్నప్పుడు కాళ్ళు కాసేపు ఎత్తిపెట్టుకోవడం, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవడం మంచిది. బరువు ఎంత?

రాజోలు_గట్టు
92 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఆరు.

కాకినాడ_పీజీ
పదో వంతు బరువు తగ్గితే ఊపిరి ఆగే లెక్క దాదాపు పావు వంతు తగ్గుతుందని పాత పరిశీలన ఒకటి ఉంది. తొమ్మిది కిలోలు. రాత్రి అన్నం కాస్త ముందు తిని, వడ్డన సగానికి తగ్గిస్తే చాలు, ఒక ఏడాది పెట్టుకోండి. నాలుగో మందుగా స్పైరోనోలాక్టోన్ రాస్తారేమో, మందులకి లొంగని బీపీలో అది బాగా పనిచేస్తుంది. కానీ కిడ్నీ తగ్గినవాళ్ళకి పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. మొదలుపెట్టిన వారం పది రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్ మళ్ళీ చూడకుండా ఉండొద్దు.

రాజోలు_గట్టు
ఒక సందేహం. మా ఇంట్లో కొబ్బరి చెట్లు ఉన్నాయి. ఒంటికి మంచిదని నాన్న రోజూ రెండు బొండాలు తాగుతారు. అది ఆపాలా?

పాలకొల్లు_ల్యాబ్
ముందు అది ఆపండి! రెండు నెలల క్రితం ఒకాయన పొటాషియం 6.4తో వచ్చాడు, రిపోర్టు చేతికి ఇవ్వకుండా డాక్టరుగారికి ఫోన్ చేశాం. కిడ్నీ మందుల మీద ఉండి రోజూ బొండాలు తాగుతున్నాడు. మన కోనసీమలో ఇది చాలా ఇళ్ళలో జరుగుతోంది.

కాకినాడ_పీజీ
ల్యాబ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక బొండాం నీళ్ళలో ఒక అరటిపండుకి తగ్గని పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ ఉన్నవాళ్ళకి అది మేలే, తగ్గిన కిడ్నీకి, అందులోనూ టెల్మిసార్టాన్ వేస్తున్నవాళ్ళకి గుండె లయ తప్పించే ప్రమాదం. పొటాషియం పరీక్ష చేయించి, ఎంత వరకు తినొచ్చో మీ కిడ్నీ డాక్టరుగారిని అడగండి. "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మేది కూడా కొనొద్దు, అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది.

రావులపాలెం_గెల
అరటి, కొబ్బరి రెండూ మా వ్యాపారం. అయినా ఒప్పుకుంటున్నానండి, మా నాన్నకి కూడా ఈ రాత్రే చెబుతాను.

నర్సాపురం_లేసు
కరెంటు పోతే మిషన్ ఎలా? మా వైపు గాలివాన వస్తే తెల్లవార్లూ ఉండదు.

ఆత్రేయపురం_అత్త
ఇన్వర్టర్ మీద పెట్టామమ్మా. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ వేడి ఆపేస్తే బ్యాటరీ చాలా సేపు వస్తుంది. మిషన్ ఆగిపోతే భయపడనక్కర్లేదు, మాస్కులో గాలి పోయే కంత ఉంటుంది, చాలామందికి మెలకువ వచ్చి తీసేస్తారు. ఆ రాత్రికి పక్కకి తిరిగి, తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టు.

భీమవరం_ఏరేటర్
ఇంకొకటండి. ఆ హ్యూమిడిఫయర్ డబ్బాలో బోరు నీళ్ళు పోయకండి. మా వైపు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, నెలకే అడుగున తెల్లగా గట్టిపడిపోయింది. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, పొద్దున్నే మిగిలినవి పారబోసి ఆరబెట్టండి. గొట్టం, మాస్కు వారానికి ఒకసారైనా సబ్బు నీళ్ళతో కడగాలి. ఫిల్టర్ మా చెరువు దుమ్ముకి త్వరగా నల్లబడుతుంది, అది కూడా చూసుకుంటూ ఉండండి.

ముక్తేశ్వరం_రేవు
అన్నయ్య డ్రై వెయిట్ కిలోన్నర తగ్గించారండి. నిన్న రాత్రి పడుకున్నాడు. నిద్ర పరీక్ష కూడా రాశారు, తేదీ ఇంకా ఇవ్వలేదు.

కాకినాడ_పీజీ
ఆ తేదీ డయాలసిస్ అయిన రాత్రి పడితే ఒక ఫలితం, రెండు రోజుల గ్యాప్ తర్వాత పడితే ఇంకో ఫలితం వస్తుంది. ఏ రోజు చేశారో రిపోర్టు మీద రాయించండి.